పొయ్యి కింద ఇసుక

తొమ్మిదో విడత సంప్రదింపుల్లో మూడోరోజు, పొద్దున్న పదిన్నర నుంచి పన్నెండుంబావు దాకా కూర్చుని కూడా, ముప్పై నాలుగు దేశాల ప్రతినిధులు పడవ అంటే ఏమిటో తేల్చుకోలేకపోయారు.

కూర్చున్నది విశాఖపట్నం బీచ్ రోడ్డు మీది ఓ పెద్ద హోటల్లో. అద్దాల గోడకి అవతల, పిలిస్తే పలికేంత దూరంలో, పదో పన్నెండో పడవలు ఒడ్డున ఉన్నాయి. ఒక్కరైనా తల తిప్పి అటు చూసిన పాపాన పోలేదు. ఎనిమిది మీటర్లు దాటితేనే పడవ అని ఒకాయన అన్నాడు. కాదు, ఇంజనుంటేనే పడవ అని ఇంకొకావిడ అంది. ఇంజనుండి పనిచెయ్యకపోతే దాన్నేమనాలని మూడో ఆయన అడిగాడు. ఆ ప్రశ్నకి హాలంతా నిజంగానే ఆలోచనలో పడింది.

రెండో వరసలో డాక్టర్ సూరాడ కాంచన పళ్ళు నూరుకుంటూ కూర్చుంది. భారత ప్రతినిధి బృందానికి ఆవిడ సాంకేతిక సలహాదారు. అడిగినప్పుడు చెప్పడం, అడగనప్పుడు నోరు మూసుకోవడం, ఆ పదవిలో ఉన్న పని మొత్తం ఇంతే. మూడు రోజులుగా ఎవరూ ఏమీ అడగలేదు. ఈ సంప్రదింపులన్నీ ఆవిడ తయారుచేసిన వస్తువు గురించే జరుగుతున్నాయన్న సంగతి కూడా అక్కడ సగంమంది మరిచిపోయినట్టున్నారు.

ఆ వస్తువు అధ్యక్షురాలి బల్ల మీద, పూలగుత్తి పక్కన, గాజుసీసాలో ఉంది. చూడ్డానికి పలచటి గంజి. సముద్రపు నాచులోంచి ఒక కణాన్ని తీసి, పదకొండేళ్ళు సాకి, మార్చి, మళ్ళీ సాకి కాంచన తయారుచేసిన జీవద్రవం అది. అణుధార్మిక లోహాన్ని ఎంత మందం ఉక్కుపెట్టెలో దాచినా సరే, యాభై గజాల లోపలికి వచ్చిందంటే ఆ గంజి నీలంగా మెరుస్తుంది. ల్యాబులో ముద్దుగా మినుకు అని పిలుచుకునేవారు. చివరికి ఒడంబడికలోనూ అదే పేరు ఎక్కింది.

ఓడల్లో దొంగచాటుగా బాంబు సరుకు తరలించేవాళ్ళని పట్టడానికి దీన్ని మించిన సాధనం లేదని అన్ని దేశాలూ ఒప్పుకున్నాయి. ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోవచ్చు కదా! సముద్ర అణువ్యాప్తి నిరోధక ఒడంబడికకు సవరణలు మొదలుపెట్టారు. ఆ సవరణలు తేలేలోగా ప్రయోగం పేరుతో బంగాళాఖాతంలో రెండు వందల పీపాలు తేలవేశారు. ఒక్కో పీపాలో బిందెడు మినుకు. ఏ పడవ పక్కనుంచి పోతుంటే పీపా మెరిసిందో ఆ పడవని నిలుపు వలయం అనే చోటికి తోలుకుపోయి లంగరు వేయించాలి. తటస్థ దేశాల తనిఖీదారులు వచ్చి చూసేదాకా అందులోంచి మనిషి కదలకూడదు, పుల్ల కదలకూడదు. తనిఖీదారులు మొత్తం తొమ్మండుగురు. నిలిపేసిన పడవలు నూట నలభై.

అందులో ఒకటి మైలపల్లి దానయ్యది. కాంచన అక్క బంగారమ్మ మొగుడు దానయ్య. అయిదుగురు కళాసీలతో వేటకి వెళ్ళి, పదిహేడు రోజులుగా ఆ వలయంలో లంగరేసుకుని కూర్చున్నాడు. ఆయన పడవలో బాంబు సరుకు ఉందట! వలలు, ఐసుపెట్టె, బియ్యం డబ్బా, డొక్కు ఇంజను తప్ప ఆ పడవలో ఏమున్నాయో కాంచనకు తెలుసు. చిన్నప్పుడు ఆ పడవలోనే హోంవర్కు చేసుకుంది. పదో తరగతి కాగానే ఆడపిల్లకి పట్నం చదువేమిటని వాళ్ళ ఊరు దిబ్బముక్కాం పెద్దలు పంచాయితీ పెట్టిన రోజున, 'నా మరదలు సదువుతాది, మీకేటి నొప్పి' అని లేచి వచ్చేసిన మనిషి దానయ్య. ఆయన్ని తన గంజే పట్టించింది. పీపా ఎందుకు మెరిసిందో పదిహేడు రోజులుగా ఆవిడకి అంతుపట్టడం లేదు.

చిన్న పడవల తనిఖీని ఒక్కరోజులో ముగించాలని ఒక సవరణ ఉంది. రెండు వాక్యాలు. కాంచనే రాసిచ్చింది. ఎజెండాలో అది తొమ్మిదో అంశం. హాలు ఇంకా రెండో అంశంలోనే, పడవ అంటే ఏమిటి దగ్గరే ఉంది.

"సార్, తొమ్మిదోది ముందుకి జరిపించండి," అని ముందు వరసలో ఉన్న రాయబారి వేదుల నరహరి చెవిలో గొణిగింది. భారత బృందానికి ఆయనే నాయకుడు.

"జరపాలంటే జరపడం మీద సంప్రదింపులు జరపాలమ్మా," అన్నాడాయన వెనక్కి తిరక్కుండానే. వెటకారం కాదు. ఆయన ముప్పై ఏళ్ళ అనుభవంతో చెప్పిన నిజం అది. దాంతో కాంచనకు అరికాలి మంట నెత్తికెక్కింది.

భోజనాల వేళకి ల్యాబునుంచి ఫోనొచ్చింది. అక్కడ కాంచన కింద పనిచేసే జోసెఫిన్ చేసింది. "మేడమ్, మీ అక్కగారు వచ్చారు. ఆటో నిండా సామాన్లు తెచ్చారు. సెక్యూరిటీవాళ్ళు ఒప్పుకోవడం లేదు, ఆవిడ కదలడం లేదు."

కొండ మీది ల్యాబుకి పావుగంట దారి. కాంచన వెళ్ళేసరికి బంగారమ్మ గేటు ముందు చీర బిగించి నిలబడి ఉంది. ఆటోలో వలముక్క, తాళ్ళు, లంగరు, ఐసుపెట్టె మూత, చద్దిగిన్నె, గెడకర్ర. వెనక సీటు మీద పెద్దమనిషిలా ఒక చెక్కపెట్టె.

"ఏటప్పా ఇదంతా?" అంది కాంచన అక్కతో.

"మీ బావ పడవలో ఏటేటుంటాయో అన్నీ అట్టుకొచ్చినాను. పక్కింటోల పడవ ఖాళీ సేసీసినాను. నీ గంజి ముందర ఒకటొకటీ పెట్టు. ఏది మెరిపిత్తాదో సూడు. పదేడు దినాల నుండి సూత్తన్నాను, మీరు మాటాడుకోడవే గానీ ఎవులైనా ఓ పాలి పెట్టి సూసినారా?"

సామాన్లు లోపలికి రానిమ్మని కాంచన సెక్యూరిటీవాళ్ళకి సైగ చేసింది. ఎవరూ పెట్టి చూడలేదు. మాదిరి సామగ్రి తెప్పించుకోవడానికి అనుమతి కావాలని పది రోజుల కిందట ఆవిడే రాసింది. ఆ కాగితం ఎక్కడో సంతకం కోసం తిరుగుతోంది.

జోసెఫిన్ తలుపులేసి మినుకు తొట్టె తెరిచింది. వలముక్క పెట్టారు, గంజి గంజిలాగే ఉంది. తాళ్ళు, లంగరు, మూత, గిన్నె, ఉహుఁ. బంగారమ్మ ఒక్కో వస్తువూ అందిస్తుంటే జోసెఫిన్ రాసుకుంటోంది. ఆఖరికి గేటు దగ్గర ఆటోలో చెక్కపెట్టె మిగిలింది. అది పడవలో పొయ్యి పెట్టుకునే పెట్టె. చెక్క కాలిపోకుండా పెట్టె నిండా ఇసుక పోసి, దాని మీద పొయ్యి పెట్టి వండుకుంటారు. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకుని లోపలికి తెచ్చారు. ఇంకా గుమ్మం దాటనేలేదు, తొట్టె నీలంగా వెలిగిపోయింది.

"ఇసక!" అంది బంగారమ్మ.

నల్ల ఇసుక. మామూలు ఇసుకయితే గాలికి రేగి అన్నంలో పడుతుంది. నల్లది బరువు, కదలదు, వేడి పట్టి ఉంచుతుంది. అందుకని దిబ్బముక్కాం వాళ్ళు తాతల నాటినుంచీ ఏరికోరి ఒడ్డున నల్ల చార కట్టిన చోటునుంచే తవ్వుకుంటారు. ఆ నలుపులో మోనజైట్ ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. స్కూలు పిల్లల పుస్తకంలో కూడా ఉన్న సంగతి ఇది. బాంబు లోహానికీ ఈ చిటికెడు థోరియానికీ తేడా మినుకు చెప్పలేదు. రెంటికీ ఒకేలా మెరుస్తుంది.

కాంచనకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. మినుకుని పరీక్షించడానికి ప్రపంచం నలుమూలల నుంచీ అరవై రకాల రాళ్ళు తెప్పించింది. ఇసుక కూడా పరీక్షించింది. టెండరు పిలిచి, కాంట్రాక్టరు లారీలో తెచ్చిపోసిన గోదావరి ఇసుక. నల్ల ఇసుకలో కాళ్ళు కాల్చుకుంటూ పెరిగిన మనిషికి ఆ ఇసుక ఒక్క పిడికెడు తెచ్చి చూడాలని పదకొండేళ్ళలో తట్టలేదు.

అంతలో ఫోను. నరహరి. "డాక్టర్ గారూ, ఎక్కడున్నారు? తొమ్మిదో అంశం రెండున్నరకి తీసుకుంటున్నారు. ఎలా జరిగిందో నన్నడక్కండి. వెంటనే రండి."

కాంచన మెట్ల మీదికి పరిగెత్తింది. వెనకే బంగారమ్మ. "నాలుగ్గంటలకి అయిదు నిమసాలు ఆళ్ళతోటి మాటాడనిత్తారు. మీ బావకేటి సెప్పీది? ఆ ఇసక పారేమని సెప్పేదా?"

"పారెయ్యమను అప్పా. ముందా ఇసక పడవలోంచి పోతే సాలు."

అనేసి కారెక్కింది. వలయంలో ఉన్న పడవలోంచి ఏ వస్తువు నీళ్ళలో పడినా నేరం ఒప్పుకున్నట్టే లెక్క. అది ఏడో అధికరణం మూడో పేరా. దాని మీద చర్చ జరిగినప్పుడు కాంచన అదే రెండో వరసలో కూర్చుని ఉంది. ఆ క్షణాన మాత్రం ఆవిడ బుర్రలో రెండున్నర తప్ప మరోటి లేదు.

తొమ్మిదో అంశం గంటసేపు నడిచింది. ఈసారి అడిగారు, కాంచన చెప్పింది. నల్ల ఇసుక సంగతి, పొయ్యిపెట్టె సంగతి, తను చేసిన తప్పు సంగతి, అన్నీ. దాచుకోలేదు. మినుకుకి తోడుగా నాలుగు గంటల మరో పరీక్ష చేస్తే థోరియం విడిగా తెలిసిపోతుందనీ, ఇసుకున్న పడవలన్నిటినీ సాయంత్రానికల్లా వదిలెయ్యొచ్చనీ చెప్పింది.

ఉత్తర సముద్రాల కూటమి తరఫున వచ్చిన హెన్రిక్సన్ అనే పొడుగాటి మనిషి మర్యాదగా చెయ్యెత్తాడు. "ఇసుకకి మినహాయింపు ఇస్తే రేపటినుంచి ప్రతి దొంగా సరుకుని ఇసుక కిందే దాస్తాడు. మీ నాలుగు గంటల పరీక్ష నడిసముద్రంలో ఎవరు చేస్తారు, డాక్టర్?"

ఆ మాటలో న్యాయం ఉంది. అదే కాంచనకు ఒళ్ళు మండించింది. మూర్ఖుడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఇసుకని వదిలేస్తే మినుకు ఎందుకూ పనికిరాదు, వదలకపోతే దిబ్బముక్కాం వేటకి పనికిరాదు. అధ్యక్షురాలు తలీసా ఒక చిన్న ద్వీపదేశం మనిషి. ఆవిడ నిట్టూర్చి, అంశాన్ని రేపటికి వాయిదా వేసింది. ఈ సవరణ ఇష్టమేనా కాదా అని జాలరులని ఎవరైనా అడిగారా అని ఒకాయన అడగబోయాడు. సమయం అయిపోయిందని ఆపేశారు.

మర్నాడు పొద్దున్న కాంచన హాల్లో అడుగుపెట్టేసరికి నరహరి కాఫీ బల్ల దగ్గర ఒక కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కప్పులో కాఫీ చల్లారి మీగడ కట్టింది.

"నిన్న సాయంత్రం నాలుగుంబావుకి మీ బావగారి పడవలోంచి ఏదో నల్లటి పదార్థం సముద్రంలో కుమ్మరించారట. ముప్పై ఒకటో నంబరు పీపా పక్కనే. అప్పట్నించీ ఆ పీపా మెరుస్తూనే ఉంది, ఆగడం లేదు. ఏడు, మూడు. సాక్ష్యాన్ని నాశనం చేసినట్టు. పడవ జప్తు, ఆరుగురినీ విచారణకి మూడో దేశానికి పంపిస్తారు. రెండేళ్ళు పట్టొచ్చు. నాకు అర్థంకానిది ఒక్కటే. పదిహేడు రోజులు గమ్మున కూర్చున్నవాళ్ళకి హఠాత్తుగా ఈ బుద్ధి ఎందుకు పుట్టిందీ అని."

"నేనే చెప్పాను సార్," అంది కాంచన.

నరహరి కాఫీ కప్పు కింద పెట్టాడు. "మీరేమన్నారో నాకు వినపడలేదు."

"పారెయ్యమని అక్కతో నేనే..."

"వినపడలేదన్నాను. మళ్ళీ అనకండి కూడా. మీరు బృందంలో సభ్యులు. నిర్బంధంలో ఉన్నవాళ్ళకి పరీక్ష ఫలితం చెప్పి, సరుకు పారెయ్యమన్నారా? అమ్మా, ఇది ఎక్కడికి పోతుందో తెలుసా మీకు?"

"అది సరుకు కాదు సార్, ఇసుక!"

"నిన్నటిదాకా ఇసుక. పెట్టెలో ఉంటే తనిఖీదారులు చూసి ఇసుకే అని రాసేవారు. ఇప్పుడు సముద్రం అడుగునుంది. ఇప్పుడది మనం ఇసుక అంటున్న పదార్థం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెయ్యాల్సినదల్లా ఓపిక పట్టడం. మీ కుటుంబంలో ఒక్కరికీ చేతకాలేదు."

ఆ మాటకి కాంచన ఒంటికాలి మీద లేవాల్సింది. లేవలేదు. పక్కకి పోయి ఒడంబడిక పుస్తకం తెరిచింది. నాలుగో విడతలో పన్నెండో అధికరణం మీద పదకొండు రోజులు సంప్రదింపులు జరిగాయి. అప్పుడు వాళ్ళందరినీ కడుపారా తిట్టుకుంది. ఇప్పుడు ఆ పేజీలే వేలితో గీసుకుంటూ చదివింది. నేరం చెయ్యమని పురిగొల్పిన మనిషి తనంతట తాను ఒప్పుకుంటే, చేసినవాళ్ళు ముద్దాయిలు కారు, సాక్షులవుతారు. సాక్షులని నలభై ఎనిమిది గంటల్లో పడవతో సహా ఒడ్డుకి చేర్చాలి. ఒక్కటే షరతు. ఆ ఒప్పుకోలును పడవ నడిపే సరంగు తన నోటితో ధ్రువపరచాలి.

కాగితం తీసుకుని అక్కడే నిలబడి రాసిచ్చింది.

నరహరి చదివి కాగితం మడిచాడు. "రెండేళ్ళు మిమ్మల్ని తీసుకుపోతారు. ఆ తరవాత కూడా మినుకున్న ఏ ల్యాబు గుమ్మమూ మిమ్మల్ని తొక్కనివ్వరు. మీరు చేసిన వస్తువుని ఇంకెవరో పెంచుతారు. ఆలోచించుకున్నారా?"

"నా వల్ల కాదు సార్, ఇంకా ఆలోచించడం. తొమ్మిది విడతలుగా అందరూ ఆలోచిస్తూనే ఉన్నారు."

బంగారమ్మకి ఫోనులో చెప్పింది. "నీకు మతి పోయిందేటే? నాలిక నాది. ఆళ్ళకి సెప్పింది నాను," అంది బంగారమ్మ.

"సెప్పమన్నది నాను. నువ్వు రావాల, మజ్జాన్నం మూడుకి. నిన్నూ అడుగుతారు. ఉన్నదున్నట్టు సెప్పు."

మధ్యాహ్నం మూడింటికి హాల్లో తెర దించారు. తెర మీద దానయ్య పడవ. తనిఖీదారు ఒకామె లైఫ్ జాకెట్‌తో ఒక అంచున, దానయ్య మధ్యలో. వెనకాల కళాసీలు అయిదుగురూ ఆనుకుని కూర్చున్నారు. పద్దెనిమిది రోజుల ఎండకి దానయ్య ముఖం నల్లగా పీక్కుపోయింది. గడ్డం నెరిసిపోయి మనిషి ముసలాడిలా ఉన్నాడు. తెడ్డు ఒకటి నిలువుగా పట్టుకుని నిలబడ్డాడు. చివరి వరసలో బంగారమ్మ కూర్చుంది. ఆవిడకి ఇచ్చిన హెడ్‌ఫోను ఒళ్ళోనే ఉంది.

అధ్యక్షురాలు అడిగింది, అనువాదకురాలు తెలుగులో చెప్పింది. "ఆ ఇసుక పారెయ్యమని మీకు ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు తల్లీ," అన్నాడు దానయ్య. "బరువెక్కువైపోనాదని మావే పారేసినాం."

బంగారమ్మని లేపి అడిగారు. తనకి చెల్లెలు చెప్పిందనీ, తను మొగుడికి చెప్పాననీ ఆవిడ గడగడా చెప్పేసింది. మళ్ళీ దానయ్యని అడిగారు.

"మా ఇంటిదాయికి మతిమరుపు," అన్నాడాయన. "ఫోన్లో అలాటి మాటేటీ రానేదు. బియ్యం ఉన్నాయా అనడిగింది. ఉన్నాయన్నాను."

కాంచనకు సంగతి అప్పుడు తలకెక్కింది. దిబ్బముక్కాంలో ఒక కట్టుబాటుంది. సొంత ఇంటి మనిషి మీద పంచాయితీలో సాక్ష్యం చెప్పినవాడు తెడ్డు దించెయ్యాలి. ఏడాది పాటు పడవ ఎక్కకూడదు, వల ముట్టకూడదు. ఇంటి మనిషినే పట్టించినవాడు నడిసముద్రంలో పక్కవాడిని కాస్తాడన్న నమ్మకం ఏమిటని పాతకాలం నాటి లెక్క. నిజం చెప్పినా అంతే, అబద్ధం చెప్పినా అంతే. అయిదేళ్ళ కిందట పంచాయితీలో పెద్దగా కూర్చుని, సొంత తమ్ముడి చేతే దానయ్య తెడ్డు దింపించాడు. ముప్పై నాలుగు దేశాలు తొమ్మిది విడతలు కూర్చుని రాసుకున్న పుస్తకంలో దీనికి అధికరణం లేదు. పొద్దున్న కాగితం రాసిచ్చేటప్పుడు కాంచనకైనా గుర్తు రాలేదు. మళ్ళీ అదే తప్పు! పరాయి దేశాల పుస్తకమంతా చదివింది, ఇంట్లో సంగతి మరిచిపోయింది.

"అధ్యక్షా, ఒక్క నిమిషం నేను మాట్లాడతాను," అని లేచింది. తలీసా తలూపింది.

"బావా, నిజం సెప్పు. నాను పారెయ్యమన్నానని అప్ప నీకు సెప్పిందా నేదా?"

"నువ్వు కూకోయే. పెద్దోలు మాటాడతన్నారు గదా."

"నువ్వు ఔనంటే ఎల్లుండికి ఇంటికాడుంటావు. అందరూ ఉంటారు."

"మరి నువ్వెక్కడుంటావు?"

"నాకేటీ పరవానేదు."

"అయితే నాకూ పరవానేదు. ఇక్కడ బాగానే ఉన్నాది. గాలొత్తాది."

అక్కడ గాలి బాగా వస్తుందని సాక్షి అంటున్నాడని అనువాదకురాలు బుద్ధిగా చెప్పింది. ఎవరో నవ్వారు. కాంచనకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"నీకు దండం పెడతాను బావా! నా మాట ఒక్కసారి ఇను. నీ పరువు, నీ కట్టుబాటు తరవాత సూసుకుందాం. ఇది మన పంచాయితీ కాదు. ఈళ్ళకి తెడ్డు నేదు, ఏటీ నేదు. ఔనను, సాలు!"

"నా నోటితోటి నిన్ను పట్టిత్తానా? సిన్నప్పట్నుండి ఎత్తుకు తిప్పినోణ్ణి." దానయ్య తెర మీంచి ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. "ఇంకేటైనా అడగండి తల్లీ. ఈ మాట అడక్కండి."

నరహరి తల పట్టుకున్నాడు. సరంగు ధ్రువపరచకపోతే ఒప్పుకోలు చెల్లదని, ఏడో అధికరణమే వర్తిస్తుందని తలీసా మెల్లగా గుర్తుచేసింది. ఇదంతా ఎంతసేపు అన్నట్టు ఒకరిద్దరు గడియారాలు చూసుకున్నారు.

అప్పుడు చివరి వరసనుంచి బంగారమ్మ లేచింది. మైకు కోసం చూడలేదు. ఆ గొంతుకి మైకు అక్కర్లేదు.

"ఏటయ్యో! ఆ పడవలో నువ్వొక్కడివే ఉన్నావేటి? నీ ఎనకాల కూకున్న అయిదుగురూ ఎవులు? ఆళ్ళ పెళ్ళాలు పద్దెనిమిది దినాల నుండి నా గుమ్మంలో కూకున్నారు. కుండ పెట్టిన ఇల్లు ఒక్కటి నేదు. రాములమ్మకి నెలలు నిండిపోనాయి. నీ మరదలి మీద నీకు పేముందని ఆళ్ళ మొగుళ్ళని పరాయి దేశం జైల్లో ఎయిత్తావా? నాను మాత్రం దాని అప్పని కానా? నోరు తెరిసి సెప్పీసినాను గదా! నా కడుపు ఎలాగుందో నువ్వడిగినావా?"

అనువాదకురాలు ఒక్క మాటా అనువదించలేదు. ఎవరూ అడగలేదు కూడా.

దానయ్య వెనక్కి తిరిగి చూశాడు. అయిదుగురూ తలలు దించుకుని కూర్చున్నారు. ఔనను అని ఒక్కడూ అనలేదు. అనరు కూడా, ఆయన సరంగు. రాములమ్మ మొగుడు అప్పన్న మాత్రం మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకున్నాడు. దానయ్య అతన్ని చాలాసేపు చూశాడు. తరవాత ఇటు తిరిగాడు.

"రాసుకోండి తల్లీ," అన్నాడు. "మా కాంచన సెప్పింది. పారేమంది, పారేసినాం. అది సెప్తే ఎందుకూ ఏటీ అని మావు అడగం. అంత సదువుకున్న గుంట, మాకోసం తప్ప ఎందుకు సెప్తాది? నీల్లల్లో దూకమన్నా దూకుదుం. అదీ రాసుకోండి."

సరంగు ధ్రువపరచినట్టు నమోదైంది. ఆరుగురూ సాక్షులు. నలభై ఎనిమిది గంటల్లో పడవతో సహా ఒడ్డుకి. అధ్యక్షురాలు ఆ ముక్కలు చదువుతుండగానే ద్వారం దగ్గరనుంచి ఇద్దరు అధికారులు వచ్చి కాంచన కుర్చీకి చెరోవైపు నిలబడ్డారు. ఒకతను ఆవిడ మెడలోని బ్యాడ్జీ ఇమ్మని చెయ్యి చాపాడు. కాంచన తీసి ఇచ్చేసింది. హెన్రిక్సన్ తన చోటునుంచి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో ఆయనకీ తెలిసినట్టు లేదు, ఒక నిమిషం నిలబడి మళ్ళీ కూర్చున్నాడు.

తెర మీద దానయ్య వంగాడు. పట్టుకున్న తెడ్డుని పడవ అడుగున పడుకోబెట్టాడు. చప్పుడు కాకుండా, పసిపిల్లని పడుకోబెట్టినంత నెమ్మదిగా. వెనక ఉన్న అయిదుగురూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అప్పన్న 'వొద్దు బావో' అని గట్టిగా అరిచాడు.

"ఏం జరిగింది? ఆయన ఏం చేశారు?" అని అధ్యక్షురాలు అడిగింది. సాక్షి చేతిలోని వస్తువుని కింద పెట్టాడని అనువాదకురాలు చెప్పింది. రికార్డులో అలాగే రాసుకున్నారు.

"ఏమిటమ్మా అది?" అన్నాడు నరహరి, కాంచన వైపు వంగి.

కాంచన తెర వైపే చూస్తోంది. తనకి రెండేళ్ళని తెలిసే రాసిచ్చింది. ఆయనకీ ఒక ఏడాది రాసిచ్చింది, అది తెలియకుండా. తెర మీద అరవై ఏళ్ళ మనిషి ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒకసారి లుంగీకి తుడుచుకుని, ఒకసారి వెనక్కి కట్టుకుని, చివరికి రెండు పక్కలా వదిలేశాడు.